తిరుపతి స్టాఫ్ నర్సు పే స్లిప్: డీఏ పెరిగిన నెలలోనే 4,343 రూపాయలు ఎలా తగ్గాయి

2025 అక్టోబరు జీతంతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులకు ఒక విడత డీఏ (కరువు భత్యం) కలిసింది. అంతవరకు బేసిక్ (మూల వేతనం) మీద 33.67 శాతం ఉన్న డీఏ 37.31 శాతమైంది. ఆ జీతం పడిన రెండు రోజులకే ఒక స్టాఫ్ నర్సు రెండు పే స్లిప్పులు తెచ్చి నా ముందు పెట్టారు. సెప్టెంబరులో ఆమెకు చేతికి వచ్చింది 62,580. అక్టోబరులో వచ్చింది 58,237.

"అందరికీ పెరిగిందంట సార్, నాకొక్కదానికే తగ్గింది. ఏం తప్పు చేశాను?" అని అడిగారు.

వైద్య ఆరోగ్య శాఖలో జీతాల బిల్లుల సీట్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు తిరుపతిలో ఇంటి దగ్గరే ఉద్యోగుల పే ఫిక్సేషన్లు, ఇన్‌కం ట్యాక్స్ లెక్కలు చూసిపెడుతున్నాను. నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఏఎన్ఎంలు ఎక్కువగా వస్తారు. రోగికి ఇచ్చే మందు మోతాదు మిల్లీగ్రాములతో సహా చెప్పగలిగిన వాళ్లు తమ జీతం స్లిప్ దగ్గరికి వచ్చేసరికి చివరి అంకె ఒక్కటే చూసి మడిచి పెట్టేస్తారు. ఇందులో వాళ్ల తప్పు లేదు. ఆ కాగితం ఎలా చదవాలో చెప్పినవాళ్లు లేరు. అందుకే ఈ సిస్టర్ అనుమతితో, పేరు గానీ పనిచేసే చోటు గానీ చెప్పకుండా, ఆమె కేసు మొత్తం రాస్తున్నాను. లెక్క తేలిగ్గా ఉండటానికి సీసీఏ (నగర భత్యం) లాంటి చిన్న అలవెన్సులు పక్కన పెట్టాను.

కేసు వివరం

2016 మార్చిలో రెగ్యులర్ పోస్టులో చేరారు. సీపీఎస్, అంటే నెలనెలా జీతంలోంచి కొంత కట్టే పింఛను పథకం కింద ఉన్న ఉద్యోగి. తొమ్మిదేళ్లు తిరుపతి నగరంలోనే ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేశారు. 2025 జూన్ బదిలీల్లో ఒక గ్రామీణ పీహెచ్‌సీకి వెళ్లారు. కాపురం మాత్రం తిరుపతిలోనే. పిల్లల చదువులు ఇక్కడ, భర్త ఉద్యోగం ఇక్కడ. రోజూ బస్సులో వెళ్లి వస్తారు. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక దారి ఖర్చు తగ్గింది గానీ, ఇంటి అద్దె ఎక్కడికీ పోలేదు. ఈ విషయం గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

సెప్టెంబరు స్లిప్‌లో బేసిక్ 49,790. డీఏ 33.67 శాతం చొప్పున 16,764. హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) 16 శాతం చొప్పున 7,966. గ్రాస్ (కటింగులకు ముందు మొత్తం) 74,520. కటింగుల్లో సీపీఎస్ 6,655, ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ జీవిత బీమా) 1,800, జీఐఎస్ (గ్రూపు బీమా) 60, ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) 225, వృత్తి పన్ను 200, ఇన్‌కం ట్యాక్స్ 3,000. మొత్తం 11,940 పోగా చేతికి 62,580.

అక్టోబరు స్లిప్‌లో బేసిక్ అదే 49,790. డీఏ 37.31 శాతం చొప్పున 18,577. హెచ్ఆర్ఏ మాత్రం 4,979. గ్రాస్ 73,346. సీపీఎస్ 6,837 అయింది. ఏపీజీఎల్ఐ, జీఐఎస్, ఈహెచ్ఎస్, వృత్తి పన్ను, ట్యాక్స్ మారలేదు. అడుగున కొత్తగా "హెచ్ఆర్ఏ రికవరీ 2,987" అని ఒక వరుస చేరింది. కటింగులు 15,109కి పెరిగాయి. మిగిలింది 58,237.

ఆమె చూసింది చివరి అంకె. నేను మొదట చూసింది హెచ్ఆర్ఏ. కానీ ఈ కేసులో పెద్ద విషయం రెండు స్లిప్పుల్లోనూ మారకుండా ఉన్న అంకెలో ఉంది. దాని దగ్గరికి వస్తాను.

37.31 శాతం పెరగలేదు, 3.64 శాతమే

ముందు డీఏ సంగతి తేల్చాలి. వాట్సాప్‌లో "డీఏ 37.31 శాతం" అని మెసేజ్ తిరిగింది. ఆమె ఇంట్లోవాళ్లు జీతమే అంత శాతం పెరుగుతుందనుకున్నారు. పెరిగింది 3.64 శాతం, అదీ బేసిక్ మీద మాత్రమే. 49,790 మీద లెక్క వేస్తే 1,813 రూపాయలు. అందులోంచి సీపీఎస్ పదో వంతు తీసుకుంటుంది, 182. చేతికి మిగిలేది 1,631. సెప్టెంబరు నెట్ జీతంతో పోలిస్తే రెండున్నర శాతం పైచిలుకు.

3.64 ఎక్కడి నుంచి వచ్చిందంటే, 2022 పే స్కేళ్లలో కేంద్రం డీఏ ఒక శాతం పెంచితే మన రాష్ట్రంలో 0.91 శాతం లెక్క కడతారు. కేంద్రం 2024 జనవరి నుంచి 46ను 50 చేసింది. నాలుగును 0.91తో గుణిస్తే 3.64. అంటే 2025 అక్టోబరు జీతంలో మనకు కలిసింది 2024 జనవరి డీఏ. ఆ తర్వాత కేంద్రం 53, 55, 58 శాతాలకు వెళ్లింది. ఆ మూడు విడతలూ ఆ రోజుకి మనకు రావాల్సే ఉన్నాయి. మధ్యలోని 21 నెలల బకాయి కూడా అక్టోబరు జీతంతో చేతికి రాలేదు. ఈ సిస్టర్‌కు ఆ బకాయి సుమారు 37,270 రూపాయలు. ఆ డబ్బు అక్టోబరులోనే పడుతుందని నమ్మి స్కూలు ఫీజుకు మాట ఇచ్చేశారు. ఎరియర్స్ ఎప్పుడు, ఏ రూపంలో ఇస్తారో జీవోలో విడిగా రాసి ఉంటుంది. ఆ వాక్యం చదవకుండా ఎవరికీ మాట ఇవ్వొద్దని అందరికీ చెబుతుంటాను.

సీపీఎస్ కటింగ్ గురించి కూడా ఒక మాట. బేసిక్, డీఏ కలిపి పది శాతం మన జీతంలోంచి పోతుంది, అంతే మొత్తం ప్రభుత్వం వేస్తుంది. కాబట్టి డీఏ వచ్చిన నెలలో 182 తగ్గినా, ప్రాన్ ఖాతాలో (ఆమె పింఛను ఖాతాలో) 364 ఎక్కువ చేరాలి. చేరిందో లేదో ఆరు నెలలకొకసారైనా ప్రాన్ స్టేట్‌మెంట్ తీసి చూసుకోవాలి. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరి పాత పింఛను, జీపీఎఫ్‌లో ఉన్నవాళ్లకు ఈ పది శాతం కోత లేదు. అందుకే ఒకే వార్డులో ఒకే బేసిక్ ఉన్న ఇద్దరు నర్సులకు ఒకే డీఏ వేరువేరుగా కనిపిస్తుంది.

హెచ్ఆర్ఏ ఇంటిని చూడదు, డ్యూటీ చేసే ఊరిని చూస్తుంది

జీతం తగ్గడానికి నేరుగా కారణం ఇదే. 2022 ఫిబ్రవరి తర్వాత మన రాష్ట్రంలో హెచ్ఆర్ఏ నాలుగు అంచెల్లో ఉంది. జనాభా 50 వేల లోపు ఉన్నచోట బేసిక్‌లో 10 శాతం, 50 వేల నుంచి 2 లక్షల దాకా 12 శాతం, 2 లక్షలు దాటితే 16 శాతం, 50 లక్షలు దాటితే 24 శాతం. జిల్లా కేంద్రాలకు 16 శాతం. 2011 లెక్కల ప్రకారం తిరుపతి జనాభా 2.87 లక్షలు, కాబట్టి 16 శాతం. చిత్తూరు జనాభా 2 లక్షల లోపే అయినా జిల్లా కేంద్రం కాబట్టి అక్కడా 16 శాతమే. గ్రామీణ పీహెచ్‌సీకి 10 శాతం.

ఆమె ఉండే ఇల్లు మారలేదు, అద్దె మారలేదు. అయినా బదిలీ అయిన రోజు నుంచి హెచ్ఆర్ఏ 7,966 నుంచి 4,979కి రావాలి. తేడా నెలకు 2,987. అంటే ఈ ఒక్క బదిలీ ఇప్పుడొచ్చిన డీఏను మింగేసి ఇంకా 1,356 వెనక్కి లాగింది.

పాత ఆఫీసు నుంచి ఎల్‌పీసీ (చివరి జీతం ధ్రువపత్రం) ఆలస్యంగా రావడంతో జూలై, ఆగస్టు, సెప్టెంబరు జీతాలు పాత రేటు హెచ్ఆర్ఏతోనే బిల్లు అయ్యాయి. అక్టోబరులో కొత్త చోట సరిచేశారు. ఎక్కువగా ఇచ్చిన మూడు నెలల మొత్తం 8,961. దాన్ని మూడు వాయిదాల్లో పట్టుకుంటున్నారు. డీఏ కలిసిన నెలలోనే హెచ్ఆర్ఏ తగ్గింపు, రికవరీ రెండూ వచ్చి పడ్డాయి. 1,813 పెరిగింది, 182 సీపీఎస్‌కు పోయింది, 2,987 హెచ్ఆర్ఏలో తగ్గింది, మరో 2,987 రికవరీ. కలిపితే సరిగ్గా 4,343 తక్కువ.

లెక్క న్యాయంగానే ఉంది. కానీ ఆ నెల ముందుగా ఒక మాట చెప్పి ఉంటే ఆమెకు ఆ టెన్షన్ ఉండేది కాదు. బదిలీ మీద వెళ్లేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది, చేరిన మొదటి నెల స్లిప్‌లోనే హెచ్ఆర్ఏ శాతం చూసుకోమని. ఎక్కువ వస్తుంటే అది మీ డబ్బు కాదు, తర్వాత తిరిగి కట్టాల్సిందే. డీడీఓకు (జీతం బిల్లు పెట్టే అధికారికి) ఒక కాగితం రాసి ఇస్తే రికవరీ పేరుకుపోదు. పేరుకుపోయాక కూడా వాయిదాలు అడిగే వీలుంది. అడగని వాళ్లకు ఒకే నెలలో కోసేసిన బిల్లులు నేను చూశాను.

ఎవరూ అడగని 3,000

స్లిప్‌లో నన్ను ఆపేసిన మూడో అంకె ఇన్‌కం ట్యాక్స్. ఆమె గ్రాస్ ఏడాదికి తొమ్మిది లక్షలకు దగ్గరగా ఉంటుంది. 2025-26 ఆర్థిక సంవత్సరంలో కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి, 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీశాక ఆదాయం 12 లక్షలు దాటకపోతే కట్టాల్సిన పన్ను సున్నా. మరి నెలకు 3,000 ఎందుకు పట్టుకుంటున్నారు?

అంతకుముందు ఏడాది ఆమె పాత విధానం కోరుకుంటూ పత్రం ఇచ్చారు. ఎల్ఐసీ, సీపీఎస్, పిల్లల ఫీజులు చూపించారు. ఈ ఏడాది ఏ కాగితమూ ఇవ్వలేదు. ఇవ్వకపోతే కొత్త విధానం ప్రకారమే టీడీఎస్ (జీతంలోనే పట్టుకునే పన్ను) లెక్క వేయాలి, అది నిబంధన. కానీ బిల్లు చేసేవాళ్లు నిరుటి అంకెనే కొనసాగించారు. కావాలని చేశారని నేను అనుకోను. ఒక్కో సీటు మీద ఎంతమంది జీతాలు ఉంటాయో నాకు తెలుసు. అయినా ఆమె జీతంలోంచి నెలకు మూడు వేలు పోతున్నాయి.

నవంబరు బిల్లు పెట్టకముందే డీడీఓకు ఒక దరఖాస్తు ఇప్పించాను. ఏడాది అంచనా ఆదాయం, కొత్త విధానంలో పన్ను సున్నా అనే లెక్క, టీడీఎస్ ఆపమని విన్నపం. ఒక పేజీ, అంతే. అప్పటికే పట్టుకున్న మొత్తం రిటర్న్ వేసినప్పుడు రీఫండ్‌గా వస్తుంది. గృహరుణం వడ్డీ ఎక్కువగా కడుతున్నవాళ్లు, ఇద్దరి ఆదాయం కలిపి ప్లాన్ చేసుకునేవాళ్లు పాత విధానమా కొత్తదా అని విడిగా లెక్క వేసుకోవాలి. ఈ జీతం స్థాయిలో ఉన్న స్టాఫ్ నర్సుకు మాత్రం సాధారణంగా కొత్తదే మేలు. పాత విధానంలో ఎంత మినహాయింపు చూపించినా సున్నాకంటే కిందికి పోలేం కదా.

మారని అంకె

ఇప్పుడు బేసిక్. రెండు నెలల్లోనూ 49,790. అందరూ డీఏ శాతాల గురించి మాట్లాడతారు గానీ, జీతంలో మిగతావన్నీ బేసిక్ మీదే నిలబడతాయి. డీఏ, హెచ్ఆర్ఏ, సీపీఎస్, రేపు రాబోయే పీఆర్‌సీ (వేతన సవరణ) ఫిక్సేషన్, అన్నింటికీ అదే పునాది. కాబట్టి ఏ కేసు వచ్చినా నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచి బేసిక్‌ను ఒక్కో మెట్టూ ఎక్కుతూ వస్తాను.

2016 మార్చిలో చేరినప్పుడు పాత స్కేలు 25,140తో మొదలు. 2017 మార్చికి 25,840. 2018 మార్చికి 26,600. 2022 జనవరిలో వచ్చిన పీఆర్‌సీ జీవోలు జీతాన్ని 2018 జూలై 1 నాటి బేసిక్ మీద కొత్త స్కేల్లో నిర్ణయించాయి. లెక్క ఇదీ: 26,600కు ఆ రోజు డీఏ 30.392 శాతం, అంటే 8,084. ఫిట్‌మెంట్ (వేతన సవరణలో ఇచ్చే పెంపు) 23 శాతం, అంటే 6,118. మూడూ కలిపితే 40,802. కొత్త మాస్టర్ స్కేల్లో (జీతాల మెట్ల పట్టికలో) దీనికి పై మెట్టు 40,970. అక్కడ నిలబెట్టారు. సర్వీస్ రిజిస్టర్‌లో ఈ ఎంట్రీ సరిగ్గానే ఉంది.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే 2022 గురించి నర్సుల్లో ఇంకా గందరగోళం ఉంది. 23 శాతం ఫిట్‌మెంట్ అంటే జీతం 23 శాతం పెరగడం కాదు. అది బేసిక్ మీద. బేసిక్, డీఏ కలిపిన మొత్తంతో పోలిస్తే ఫిట్‌మెంట్ విలువ 17.64 శాతమే. పైగా అప్పటికే 2019 జూలై నుంచి 27 శాతం ఐఆర్ (మధ్యంతర భృతి) తీసుకుంటూ ఉన్నారు. అదే 26,600 మీద ఐఆర్ 7,182 అయితే ఫిట్‌మెంట్ 6,118. చేతికి వస్తున్నదానికంటే ఇచ్చింది తక్కువ. అందుకే దాన్ని రివర్స్ పీఆర్‌సీ అన్నారు. అందుకే 2022 ఫిబ్రవరి 3న చలో విజయవాడకు జనం అలా కదిలారు. మొదటి జీవో ప్రకారం 5 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లకు హెచ్ఆర్ఏ 8 శాతమే. తిరుపతి కూడా అందులోనే పడేది. చర్చల తర్వాత అది 16 అయింది, ఐఆర్ రికవరీ కూడా ఆగింది. ఉద్యోగులు ఆరోజు రోడ్డెక్కకపోతే ఈ సిస్టర్ తిరుపతిలో పనిచేసినన్ని రోజులూ సగం హెచ్ఆర్ఏతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చేది.

పాత స్కేల్లో తిరుపతికి 20 శాతం ఉండేది, 16కి తగ్గించారు కాబట్టి నష్టపోయామని కొందరు ఇప్పటికీ అంటారు. 26,600లో 20 శాతం 5,320. 40,970లో 16 శాతం 6,555. శాతం తగ్గింది, రూపాయలు పెరిగాయి. ఇంకా పెరగాల్సింది అని అడగడం న్యాయమే, నేనూ అడుగుతాను. కానీ ఆ మాట సరైన అంకెతో అడగాలి.

తిరిగి మెట్ల దగ్గరికి. 40,970 నుంచి ఏటా మార్చిలో ఒక ఇంక్రిమెంట్. 2019లో 42,140. 2020లో 43,310. 2021లో 44,570. 2022లో 45,830. 2023లో 47,090. 2024లో 48,440. 2025లో 49,790. ఏడు మార్చిలు, ఏడు మెట్లు. స్లిప్‌లో ఉన్న అంకెతో సరిగ్గా సరిపోయింది. అదే నాకు అనుమానం తెచ్చింది.

సరిగ్గా సరిపోకూడదు. ఒక మెట్టు ఎక్కువ ఉండాలి. ఒకే పోస్టులో ఆరేళ్లు పూర్తయితే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీమ్ (ఏఏఎస్) కింద స్పెషల్ గ్రేడ్ వస్తుంది. పన్నెండేళ్లకు, పద్దెనిమిదేళ్లకు, ఇరవై నాలుగేళ్లకు తర్వాతి అంచెలు. ప్రమోషన్లు ఆలస్యమయ్యే శాఖల్లో ఉద్యోగి ఒకేచోట మగ్గిపోకుండా పెట్టిన ఏర్పాటు ఇది. నర్సింగ్‌లో స్టాఫ్ నర్సు నుంచి హెడ్ నర్సు కావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆ శాఖలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. వాళ్లకు ఏఏఎస్సే నిజమైన పదోన్నతి.

ఈమెకు 2022 మార్చికి ఆరేళ్లు నిండాయి. ఆ నెలలో మామూలు ఇంక్రిమెంట్‌తో పాటు స్పెషల్ గ్రేడ్ మెట్టు కూడా కలిసి బేసిక్ 47,090 కావాలి. అక్కడి నుంచి 48,440, 49,790, ఇప్పుడు 51,140. సర్వీస్ రిజిస్టర్ (ఎస్ఆర్) తెప్పించి చూశాం. ప్రొబేషన్ డిక్లరేషన్ ఉంది. ఆరేళ్ల సర్వీసులో కలవని సెలవులేమీ లేవు. ఏఏఎస్ పేరుతో ఒక్క ఎంట్రీ లేదు, ప్రతిపాదన పంపినట్టు ఏ కాగితమూ లేదు. అప్పుడు ఆఫీసు మొత్తం కొత్త పీఆర్‌సీ ఫిక్సేషన్లలో మునిగి ఉంది. ఈ ఫైలు ఎవరూ ఎత్తలేదు. పేరులో ఆటోమేటిక్ అని ఉన్నా, అది దానంతట అది రాదు. ఎవరో ఒకరు ప్రతిపాదన పెట్టాలి, మంజూరు ఉత్తర్వు రావాలి, ఎస్ఆర్‌లో ఎక్కాలి, తర్వాతే పేరోల్‌లో బేసిక్ మారుతుంది.

పోయింది ఎంత? 2022 మార్చి నుంచి 2023 ఫిబ్రవరి దాకా నెలకు 1,260 చొప్పున పన్నెండు నెలలు, 15,120. అక్కడి నుంచి 2025 అక్టోబరు దాకా నెలకు 1,350 చొప్పున ముప్పై రెండు నెలలు, 43,200. బేసిక్ ఒక్కదాని మీదే 58,320. ఆయా నెలల డీఏ, హెచ్ఆర్ఏ దీనికి అదనం. డీఏ బకాయి 37 వేల కోసం రాష్ట్రమంతా ఎదురుచూస్తుంటే, అంతకంటే పెద్ద మొత్తం ఆమె సొంత రిజిస్టర్‌లో ఎవరూ అడగకుండా పడి ఉంది. నాలుగేళ్లుగా రాత్రి డ్యూటీలు చేస్తున్న మనిషికి రావాల్సిన డబ్బు అది. ఇలాంటి కేసు చూసిన ప్రతిసారీ నాకు మనసు కష్టంగా ఉంటుంది.

వెంటనే చేసింది ఇదీ. కొత్త చోటి డీడీఓ ద్వారా స్పెషల్ గ్రేడ్ కోసం దరఖాస్తు, దానికి ఎస్ఆర్ మొదటి పేజీ, ప్రొబేషన్ ఎంట్రీ, ఇంక్రిమెంట్ ఎంట్రీలు, 2022 పే ఫిక్సేషన్ ఎంట్రీ నకళ్లు జత. ఒక ప్రతి మీద అందినట్టు సంతకం, తేదీ తీసుకోమని చెప్పాను. పాత ఆఫీసు నుంచి ఏఏఎస్ ఇవ్వలేదని ఒక ధ్రువపత్రం కూడా అడిగించాను. లేకపోతే రెండు ఆఫీసుల మధ్య "మీరు ఇచ్చారా, మేము ఇచ్చామా" అని ఫైలు తిరుగుతుంది.

అదే పీహెచ్‌సీలో ఇంకో స్లిప్

ఆమెతో పాటు వచ్చిన సహోద్యోగి అవుట్‌సోర్సింగ్‌లో కేటగిరీ-1 పోస్టులో ఉన్నారు. డీఏ వార్త ఆయనకు వర్తించదు. పీఆర్‌సీ, హెచ్ఆర్ఏ, ఏఏఎస్ ఏవీ లేవు. ఆయనకు చివరిసారి పెరిగింది 2022 జనవరిలో, 17,500 నుంచి 21,500కి. నాలుగు వేలు పెరిగినందుకు అప్పట్లో సంతోషించారు. తర్వాత కొన్నాళ్లకు తిరుపతి ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఆసుపత్రికి వెళితే కార్డు చెల్లదన్నారు.

కారణం చిన్నది. ఈఎస్ఐ వేతన పరిమితి 21,000. 500 రూపాయలు దాటారు. పెరుగుదల మధ్యలో వచ్చినా ఆ కంట్రిబ్యూషన్ కాలం ముగిసేదాకా, అంటే మార్చి 31 దాకా, కోత కొనసాగుతుంది. దానికి తగ్గ వైద్యం ఆ ఏడాది డిసెంబరు దాకా దొరుకుతుంది. ఆ తర్వాత ఉండదు. పాత జీతంలోంచి పోతూ వచ్చిన నూట ముప్పై చిల్లర లాంటి కోత మిగిలింది, కుటుంబం మొత్తానికీ ఉన్న వైద్య రక్షణ పోయింది. రెగ్యులర్ ఉద్యోగిలా ఈహెచ్ఎస్ కార్డూ లేదు. ఆసుపత్రిలో పనిచేసే మనిషికి జబ్బు చేస్తే ఎక్కడ చూపించుకోవాలో తెలియకపోవడం ఘోరం. ప్రైవేటు ఆరోగ్య బీమా ప్రీమియం లెక్క కట్టి చూస్తే, పెరిగిన నాలుగు వేలలో ఒక భాగం దానికే పోతుంది. ఆయనకు ప్రస్తుతానికి ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు అర్హత చూసుకోమని, పీఎఫ్ ఖాతాలో నెలనెలా జమ అవుతోందా అని యూఏఎన్ పాస్‌బుక్ తీసి చూడమని చెప్పాను. ఆయన పాస్‌బుక్ అంతవరకు ఒక్కసారి కూడా తెరవలేదు. అక్కడే కూర్చుని ఫోన్లో తెరిపించాను.

స్లిప్ ఎలా ఉండాలి

ఇక సిస్టర్ విషయం. టీడీఎస్ ఆగి, రికవరీ మూడు వాయిదాలూ పూర్తయి, స్పెషల్ గ్రేడ్ పేరోల్‌లో ఎక్కితే, ఇదే డీఏ మీద ఆమె స్లిప్ ఇలా ఉండాలి. బేసిక్ 51,140, డీఏ 19,080, హెచ్ఆర్ఏ 5,114, గ్రాస్ 75,334. సీపీఎస్ 7,022, ఏపీజీఎల్ఐ 1,800, జీఐఎస్ 60, ఈహెచ్ఎస్ 225, వృత్తి పన్ను 200. చేతికి 66,027. తిరుపతి రేటు హెచ్ఆర్ఏతో వచ్చిన సెప్టెంబరు జీతం కంటే 3,447 ఎక్కువ, పల్లె హెచ్ఆర్ఏ తీసుకుంటూ కూడా. ఇందులో కొత్త డీఏ వాటా 1,631. ట్యాక్స్ ఆపడం వల్ల 3,000, ఏఏఎస్ వల్ల 1,803, హెచ్ఆర్ఏ వల్ల వెనక్కి 2,987.

ఈ అంకెలన్నీ ఒక తెల్లకాగితం మీద రాసిచ్చాను, ప్రతి నెలా స్లిప్ పక్కన పెట్టి చూసుకోవడానికి. నవంబరు జీతంలో ట్యాక్స్ వరుస సున్నా అయిందో లేదో చూడాలి. డిసెంబరుతో రికవరీ వరుస పోవాలి. నాలుగో వాయిదా కనిపిస్తే వెంటనే అడగాలి. మార్చి 2026 ఇంక్రిమెంట్‌కు బేసిక్ 52,600 కావాలి. 51,140 దగ్గరే ఆగితే స్పెషల్ గ్రేడ్ ఇంకా ఎక్కలేదని అర్థం. అప్పుడు సంతకం తీసుకున్న ఆ ప్రతి పట్టుకుని మళ్లీ వెళ్లాలి. మంజూరు ఉత్తర్వు వచ్చాక ఎరియర్స్ బిల్లులో నెలనెలా ఏ డీఏ శాతం వేశారో సరిచూడటానికి నా దగ్గరికి రమ్మన్నాను.